చంద్రహాసానికి బ్యాటరీ

అమరకోశం కత్తికి చెప్పిన పేర్లలో నిస్త్రింశం, చంద్రహాసం అనే రెండింటి దగ్గర నేను తరగతిలో కొంచెం ఆగి చెప్పేవాణ్ణి. ముప్పై అంగుళాలను మించిన పొడవు గలది నిస్త్రింశం. ఇక్కడ అంగుళమంటే ఇంచి కాదు, వేలి వెడల్పు. మెరుపులో చంద్రుణ్ణి సైతం పరిహసించేది చంద్రహాసం. శివుడు రావణునికి ఇచ్చిన ఖడ్గానికి ఆ పేరే నిలిచింది. వెలుగు చిమ్మే కత్తి అనే ఊహ మనకు కొత్తది కాదన్నమాట. కొత్తదల్లా, అటువంటి కత్తిని నిజంగానే చేసి రంగస్థలం మీద నటుడి చేతికిచ్చి తిప్పమనడం. ఆ ప్రయత్నానికి ఇప్పటికి సుమారు నూట నలభై ఏళ్ల వయసుంది.

ఆ కథను కొంతకాలంగా చదువుతూ వస్తున్నాను. చదివినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటే. చూసేవారి దృష్టి ఎప్పుడూ అలుగు మీద ఉంటుంది. అది ఎర్రగా ఉందా, నీలంగా ఉందా, ఎంత పొడవుంది అని చూస్తారు. చేసేవారి తలనొప్పి మాత్రం ఎప్పుడూ పిడి దగ్గరే. వెలుగును పుట్టించడం అంత కష్టం కాలేదు. ఆ వెలుగుకు మేత పెట్టే బ్యాటరీని మనిషి ఒంటి మీద ఎక్కడ దాచాలి, ఆ మనిషికి ప్రమాదం లేకుండా ఎట్లా దాచాలి అన్నదే ప్రతి తరానికీ ఎదురైన చిక్కు.

మాటల విషయంలో ఒక మనవి. మా చిన్ననాటి విజ్ఞానశాస్త్ర పుస్తకాల్లో సెల్లును ఘటమనీ, డ్రై సెల్లును అనార్ద్ర ఘటమనీ రాసేవారు. ఘటమంటే కుండ, ఘటమంటే దేహం కూడాను. మంచి మాటే. కానీ బజారుకు వెళ్లి మూడు అనార్ద్ర ఘటాలిమ్మంటే దుకాణదారు నన్ను కుమ్మరి వీధికి పంపుతాడు. అందుచేత సెల్లు, బ్యాటరీ అనే రాస్తాను. ఒంటరిగా ఉంటే సెల్లు, కొన్నింటిని జతచేస్తే బ్యాటరీ.

విద్యుత్తుకు ముందు రంగస్థలం మీద వెలుగంటే నిప్పే. మన వీథినాటకాల్లో, యక్షగానాల్లో రాక్షసపాత్ర ప్రవేశించే వేళ దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచేది. ఆరుబయటి ఆట కనుక ఆ మంట ఆకాశంలో కలిసిపోయేది. ఐరోపాలోని నాటకశాలలకు ఆ సౌకర్యం లేదు. నాలుగు గోడలు, పైకప్పు, మధ్యలో వేలాడే గుడ్డ తెరలు, నర్తకుల పల్చటి పావడాలు, వాటి పక్కనే నూనెదీపాలు, గ్యాసు మంటలు. 1844 డిసెంబరు 14న లండన్‌లోని డ్రూరీలేన్ నాటకశాలలో నాట్యం చేస్తున్న క్లారా వెబ్‌స్టర్ పావడాకు దీపం తగిలి అంటుకుంది. మూడు రోజులకు ఆమె మరణించింది. 1862 నవంబరులో పారిస్ ఒపేరాలో అభ్యాసం జరుగుతుండగా ఎమ్మా లివ్రీ అనే నర్తకి పావడాకు గ్యాసు మంట అంటుకుంది. ఎనిమిది నెలలు యాతన పడి 1863 జులైలో కన్నుమూసింది. అప్పటికామెకు ఇరవై ఒకటో ఏడు నిండలేదు. రంగస్థలం మీద మెరుపు కోసం మనుషులు ఇచ్చుకున్న మూల్యం ఇటువంటిది. ఇది గుర్తుంచుకుంటేనే తరువాత వచ్చిన చిన్న గాజుబుడ్డి దీపాన్ని చూసి ఆనాటివారు ఎందుకంత మురిసిపోయారో అర్థమవుతుంది.

రంగస్థలం మీదికి బ్యాటరీ వచ్చింది మాత్రం అంతకు ముందే. 1849 ఏప్రిల్‌లో పారిస్ ఒపేరాలో మేయర్బేర్ రచించిన సంగీతరూపకం ఆడినప్పుడు సూర్యోదయాన్ని ఆర్క్ దీపంతో చూపించారు. దానికి శక్తినిచ్చినవి బున్సెన్ సెల్లులు. జింకు, కర్బనం, వాటి మధ్య గంధకామ్లం, నత్రికామ్లం. పనిచేస్తున్నంతసేపూ ఎర్రటి విషవాయువు పొగలు కక్కే సరుకు అది. దానికో గది కేటాయించి, తీగలు లాగి, సూర్యుణ్ణి ఉదయింపజేశారు. సూర్యుడంటే ఒకచోట నిలిచి ఉండేవాడు కనుక సరిపోయింది. అదే వెలుగును మనిషి చేతికి ఇవ్వాలంటే ఆ గదిని కూడా అతని వెంట నడిపించాలి!

ఆ గది కుదించుకుపోవడానికి మూడు పదుల ఏళ్లు పట్టింది. 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు పలకలతో, మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల సెల్లును చేశాడు. 1881లో కమీల్ ఫోర్ ఆ పలకలకు సీసపు ముద్ద పూసి, తక్కువ బరువులో ఎక్కువ శక్తి పట్టేటట్టు మార్చాడు. అదే కాలంలో జోసెఫ్ స్వాన్ దీపాలు లండన్‌లో ప్రచారంలోకి వచ్చాయి. 1881 అక్టోబరు 10న సవాయ్ నాటకశాల ప్రేక్షకుల భాగాన్ని ఈ విద్యుద్దీపాలతో ప్రారంభించారు. డిసెంబరు 28 నాటికి రంగస్థలం కూడా వెలిగింది. మొత్తం సుమారు పన్నెండు వందల దీపాలు. ఆ రెండు తేదీల మధ్య డిసెంబరు 8న వియన్నాలోని రింగ్ నాటకశాల గ్యాసు దీపాల వల్ల తగలబడి నాలుగు వందలకు చేరువగా ప్రేక్షకులు చనిపోయారు. అందుకే కాబోలు, సవాయ్ యజమాని రిచర్డ్ డోయిలీ కార్ట్ వేదిక మీదికి వచ్చి, వెలుగుతున్న ఒక దీపానికి పల్చటి మస్లిను గుడ్డ చుట్టి, సుత్తితో పగలగొట్టి, గుడ్డ కాలలేదని సభకు చూపించాడు. లివ్రీ పావడా కూడా అటువంటి పల్చటి గుడ్డే.

మరుసటి ఏడు, 1882 నవంబరు 25న, అదే నాటకశాలలో గిల్బర్ట్, సల్లివన్‌ల అయొలాంతీ తొలి ప్రదర్శన జరిగింది. అందులో ముఖ్యమైన అప్సరసల పాత్రధారిణులు తలలో చిన్న స్వాన్ దీపాలు ధరించారు. ఆ దీపాలకు చాలిన చిన్న అక్యుములేటరును వీపు మీద దుస్తుల్లో దాచారు. సీసం, గంధకామ్లం కలిసిన సరుకును వీపున మోస్తూ, తలలో నక్షత్రాలు పెట్టుకుని, పాడుతూ ఆడడం! చూసినవారికి నక్షత్రాలు కనిపించాయి. మోసినవారి వీపుల సంగతి ఎవరైనా రాసి ఉంటే బాగుండేది. ఏమైతేనేం, బ్యాటరీ మొదటిసారి గదిని వదిలి నటి ఒంటి మీదికి ఎక్కింది. చేతిలోని ఆయుధంలోకి మాత్రం ఇంకా రాలేదు.

కత్తి వంతు 1885లో వచ్చింది. డిసెంబరు 19న లండన్ లైసియం నాటకశాలలో హెన్రీ ఇర్వింగ్ ఫౌస్ట్ నాటకం వేశాడు. తానే మెఫిస్టోఫిలిస్ పాత్ర ధరించాడు. మార్గరెట్ ఎల్లెన్ టెర్రీ. కథలో మార్గరెట్ అన్న వేలంటైన్‌కూ ఫౌస్ట్‌కూ కత్తియుద్ధం జరుగుతుంది. ఎవరికీ కనిపించకుండా మెఫిస్టోఫిలిస్ మధ్యలో కల్పించుకుంటాడు. ఆ యుద్ధంలో కత్తి కత్తికి తగిలినప్పుడల్లా విద్యుత్తు మెరుపులు రావాలని ఇర్వింగ్ సంకల్పించాడు. ఎడిసన్ భాగస్వామి కర్నల్ గురో దానికి ఏర్పాటు చేసిపెట్టాడు. ఆ ఏర్పాటు ఎట్లా ఉండేదో వివరంగా రాసిపెట్టినవాడు ఆ నాటకశాల వ్యవహారాలు చూసిన బ్రామ్ స్టోకర్. తరువాత 1897లో డ్రాక్యులా నవల రాసినవాడే. ఇర్వింగ్ మరణించాక 1906లో ప్రచురించిన జ్ఞాపకాల్లో ఈ సంగతి ఉంది.

వేదిక మీద తగినంత ఎడంగా రెండు ఇనుప పలకలు బిగించారు. అవి తెగిపోయి ఉన్న ఒక విద్యుత్ వలయపు రెండు కొసలు. యుద్ధం చేసే ఇద్దరూ తమ కుడికాలి బూటును చెరొక పలక మీద ఉంచాలి. బూటు నుంచి ఒక తీగ దుస్తుల లోపలగా పైకి పాకి చేతి దాకా వస్తుంది. చేతికి రబ్బరు తొడుగు. తీగ ఆ తొడుగు వెలుపలి వైపుకు చేరి, అరచేతిలో అమర్చిన ఉక్కు ముక్కకు కలుస్తుంది. నటుడు కత్తి పిడి పట్టుకోగానే ఉక్కుకు పిడి తగులుతుంది. ఇక రెండు కత్తులూ కలిస్తే వలయం పూర్తయి, విడిపోతే తెగి, మెరుపు మెరుస్తుంది.

ఈ వర్ణనను నేను చాలాసార్లు చదివాను. ఇందులో కత్తిలో ఏమీ లేదు. అది మామూలు లోహపు కత్తే. బ్యాటరీ తెర వెనుక ఎక్కడో ఉంది. తీగ మాత్రం నటుడి ఒంటి మీదుగానే వెళుతోంది. అతనికీ విద్యుత్తుకూ మధ్య ఉన్నది ఒక్క రబ్బరు తొడుగు. కుడికాలు పలక మీద నుంచి తీస్తే మెరుపు లేదు, తొడుగు చిరిగితే మెరుపు ఎక్కడ తగులుతుందో చెప్పలేం. యుద్ధవిన్యాసమంతా ఆ రెండు ఇనుప పలకల చుట్టూ అల్లుకోవలసిందే. కత్తిసాము నేర్పేవాళ్లు ముందు పాదాల నడక నేర్పుతారు. ఇక్కడ నటులు నేర్చుకోవలసింది కాలు కదపకుండా ఉండడం. అయినా ఇది అద్భుతమైన యోచనే. ఫిలమెంటు దీపాలు ఒక దెబ్బకు పగిలిపోయే కాలంలో, దెబ్బ పడితేనే వెలిగే కత్తి చేశారు కదా.

ప్రసంగవశాత్తు ఒక సంగతి. సరిగ్గా ఆ 1885లోనే కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధతో సురభి నాటక సమాజానికి శ్రీకారం చుట్టారు. తీగల మీద నడిచే బాణాలు ఎదురెదురుగా వచ్చి నిప్పులు రాల్చే సురభివారి మాయలను చూసిన మిత్రులకు ఇర్వింగ్ మాయ పరాయిదిగా తోచదు. లండన్‌కూ సురభికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. తీగను మాత్రం ఇద్దరూ నమ్ముకున్నారు.

తరువాతి పదిహేనేళ్లలో జరిగిన మార్పును త్వరగా చెప్పి ముందుకు పోతాను. 1866 నాటి లెక్లాంచి సెల్లులోని ద్రవాన్ని 1880ల్లో కార్ల్ గాస్నర్ ముద్దగా మార్చాడు. ఒలికిపోని సెల్లు వచ్చింది. 1899 జనవరి 10న న్యూయార్కులో డేవిడ్ మిసెల్‌కు ఒక గొట్టం మీద పేటెంటు దక్కింది. కాగితపు గొట్టంలో వరసగా సెల్లులు, ఒక కొసన బుడ్డి, దాని వెనుక ఇత్తడి రేకు. అదే టార్చిలైటు. ఆ కంపెనీయే తరువాత ఎవర్‌రెడీ అయింది. ఆనాటి సెల్లులు ఎక్కువసేపు కరెంటునివ్వలేక అలిసిపోయేవి కనుక కాసేపు వెలిగించి కాసేపు ఆర్పవలసి వచ్చేది. ఇంగ్లీషులో దానికి ఫ్లాష్‌లైట్ అన్న పేరు అట్లా పుట్టిందే. మన పల్లెల్లో దాన్ని బ్యాటరీ లైటు అన్నారు. సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టి, మళ్లీ వేసుకుని, పొలానికి పోవడం నా వయసువారందరూ చూసినదే. అసలు ఆ టార్చిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. గుండ్రటి గొట్టం, పిడికిలికి సరిపోయే లావు, బొటనవేలి కింద మీట. కత్తికి పిడి సిద్ధంగానే ఉంది. దానికి అలుగు మొలవడానికి డెబ్బై ఎనిమిదేళ్లు పట్టింది.

1976లో ఇంగ్లండులోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో స్టార్ వార్స్ సినిమా తీస్తున్నారు. కాంతిఖడ్గం కావాలి, డబ్బు తక్కువ. అలంకరణ చూసే రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక ఫొటో సామాన్ల దుకాణంలో పాత సరుకు వెతుకుతుంటే అమెరికా తయారీ గ్రాఫ్లెక్స్ ఫ్లాషు పిడులు దొరికాయి. వెనుకటి తరం పత్రికా ఛాయాగ్రాహకులు స్పీడ్ గ్రాఫిక్ కెమెరాకు పక్కన తగిలించుకున్న ఫ్లాషు అది. మెరిసే లోహపు గొట్టం, ఎర్రటి మీట. క్రిస్టియన్ దానికి బీరువా తలుపుల అంచులకు వేసే నల్లని పట్టీలు అతికించాడు. చేతి కాలిక్యులేటరులో అంకెలను పెద్దవిగా చూపే బుడగల పట్టీ ఒకటి తగిలించాడు. నడుముకు వేలాడదీయడానికి ఒక ఉంగరం పెట్టాడు. కథానాయకుడి ఖడ్గం తయారైంది. మిగిలిన కళాదర్శకులతో పాటు అతనికి ఆ సినిమాకు ఆస్కారు వచ్చింది.

సినిమా అభిమానులందరికీ తెలిసిన కథే ఇది. ఎందుకో గాని వారు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ గ్రాఫ్లెక్స్ గొట్టం అసలు పని బ్యాటరీ పెట్టెగా ఉండడం. అందులో మూడు పెద్ద డి సెల్లులు పడతాయి. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు, మొత్తం నాలుగున్నర. బుడ్డిలోని సన్నని లోహపు తీగను క్షణంలో మండించి, ఛాయాచిత్రానికి వెలుగునిచ్చి, బుడ్డిని పారేయడం. ప్రపంచంలో అన్నిటికంటే పేరుపొందిన వెలుగు కత్తికి పిడి ఒక బ్యాటరీ గొట్టమే. సినిమాలో ఆ గొట్టంలోని సెల్లుల నుంచి మాత్రం అలుగుకు వెలుగు రాలేదు!

చిత్రీకరణలో అలుగుగా వాడినవి కర్రలు. వాటికి వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పికొట్టే స్కాచ్‌లైట్ పూత పూశారు. రోడ్ల పక్క హెచ్చరిక పలకలు రాత్రిపూట కారు దీపాలకు మెరుస్తాయే, ఆ జాతి సరుకు. కెమెరా పక్క నుంచి వెలుగు వేసి, పిడిలోని మోటారుతో ఆ కర్రను గిర్రున తిప్పితే మిణుకుమిణుకుమంటూ మెరిసేది. అది చాలక తరువాత చిత్రకారులు ఒక్కొక్క ఫ్రేము మీదా, సెకనుకు ఇరవై నాలుగు లెక్కన, కాంతిని గీశారు. ఆ మోటారుకు కరెంటు ఎట్లా వచ్చిందంటే, ముసలి గురువు పాత్ర ధరించిన అలెక్ గిన్నెస్ చొక్కాచేతి లోపలి నుంచి తీగ ద్వారా. శ్రద్ధగా చూస్తే తెర మీద ఆ తీగ కనిపిస్తుందంటారు అభిమానులు. తొంభై ఏళ్ల తరువాత కూడా లైసియం నాటకశాల ఉపాయమే! 

ఖడ్గపు గుంయ్‌మనే ధ్వని గురించి కూడా ఒక వాక్యం. బెన్ బర్ట్ అనే ధ్వనికర్త పాత సినిమా ప్రొజెక్టరు మోటారు రొదనూ, టీవీ వెనుక భాగానికి దగ్గరగా పోయిన మైకులో పుట్టిన గరగరనూ కలిపి దాన్ని సాధించాడు. కత్తి తిప్పిన చప్పుడు కోసం, ఆ ధ్వనిని స్పీకరులో పెట్టి, దాని ముందు మైకును ఊపాడు.

1977 మే 25న సినిమా విడుదలైంది. నాటి నుంచీ ఇళ్లలో, కొట్టుగదుల్లో ఆ కత్తిని నిజంగా వెలిగించాలని ప్రయత్నించేవారి తరం ఒకటి తయారైంది. తొలి బొమ్మలు టార్చిలైటుకు గాలి ఊదిన ప్లాస్టిక్ గొట్టం తగిలించినవి. 2000ల తొలినాళ్లలో అమ్మకానికి వచ్చిన ఖరీదైన నమూనాల్లో, వోల్టేజి ఇస్తే తానే మెరిసే పూత గల ఎలక్ట్రోల్యూమినెసెంట్ తీగ వాడారు. దానికి సెల్లుల వోల్టేజిని వంద దాకా పెంచే ఇన్వర్టరు కావాలి. అది సన్నగా కూస్తుంది, కాంతి మందం, వాడగా వాడగా ఇంకా మందగిస్తుంది. ఆపైన ఎల్‌ఈడీ వచ్చింది. 1993లో నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించాక, అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చిన ఆ వెలుగే, చిల్లిగవ్వంత చోటులో వాటు శక్తిని ఇముడ్చుకుని పిడిలో కూర్చుంది. సినిమావారు సైతం 2015 చిత్రంలో వెలిగే అలుగులను చిత్రీకరణలోనే వాడారు. మంచుఅడవిలో పోరాడుతున్న నటుల ముఖాల మీద పడిన నీలం, ఎరుపు వెలుగులు ఆ కత్తులవే. ముఖం మీద వెలుగు పడితే ఎంత తేడా వస్తుందో మన దివిటీల కింద ఆడినవారిని అడగాలి.

ఇప్పుడు చేసేవారి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పిడిలో ఒకే గట్టి ఎల్‌ఈడీ, దాని ముందు కటకం, అక్కడి నుంచి గొట్టం పొడవునా పాకే వెలుగు. రెండోది, గొట్టం నిండా సన్నని ఎల్‌ఈడీల పట్టీలు. రెండోది చూడడానికి అందంగా ఉంటుంది. పిడి నుంచి కొన దాకా వెలుగు కత్తి దూసినట్టు సాగుతుంది. కానీ లెక్క వేయండి. మీటరుకు 144 ఎల్‌ఈడీలుండే పట్టీలు రెండు, వీపు వీపు కలిపి, తొంభై సెంటీమీటర్ల పొడవున పెడితే సుమారు 260 దీపాలు. పూర్తి తెలుపులో ఒక్కొక్కటి అరవై మిల్లీ ఆంపియర్ల దాకా తాగగలదు. అంటే పదిహేను ఆంపియర్లకు పైమాటే. ఎరుపో నీలమో ఒక్కటే వెలిగిస్తే అందులో మూడో వంతుతో సరిపోతుంది. చంద్రహాసం తెల్లగా ఉండాలన్నవాడికి బ్యాటరీ బరువు తప్పదు.

చంద్రహాసం మాట ఎందుకు తెచ్చానంటే, ఈ చదువంతా నాకు పనికి వచ్చింది మా వీధి పిల్లల వల్ల. దసరాకు చిన్న నాటకం వేస్తూ, రావణుని కత్తి వెలగాలని వారు పట్టుబట్టారు. పద్యాలు దిద్దించుకుందామని వచ్చినవారు పద్యాలను పావుగంటలో తేల్చేసి, "తాతగారూ, దీనికి ఏ బ్యాటరీ వెయ్యమంటారు?" అని తెచ్చిన సరుకును బల్ల మీద పరిచారు. అందులో చదరపు తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి. వోల్టులు ఎక్కువ కనుక బలం ఎక్కువని వారి నమ్మకం. దాని లోపల ఉన్నవి ఆరు చిట్టి సెల్లులు. రేడియోకు చాలు గాని గట్టి ఎల్‌ఈడీని మొయ్యలేక తొందరగా కూలబడుతుంది. దాన్ని పక్కన పెట్టించాను.

రెండోది అసలు చిక్కు. ఒక దుకాణంలో కొన్న 18650 లిథియం సెల్లులు రెండు. పద్దెనిమిది మిల్లీమీటర్ల అడ్డుకొలత, అరవై అయిదు పొడవు, చివరి సున్న గుండ్రని గొట్టానికి గుర్తు. 1991లో సోనీ లిథియం అయాన్ సెల్లును బజారుకు తెచ్చినప్పటి నుంచీ పిడిలో దాచే బ్యాటరీ అన్న చిక్కుకు ఇదే మంచి జవాబు. 2019లో గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది దీనికే. ఒక్క సెల్లు 3.7 వోల్టులు, నలభై అయిదు గ్రాముల బరువు. వోల్టేజిలో ఒక్కటే మూడు డి సెల్లులకు దగ్గరగా వస్తుంది. సందేహం లేదు. అయితే పిల్లలు తెచ్చిన వాటి మీద 9900 మిల్లీ ఆంపియర్ అవర్లని అచ్చువేసి ఉంది. పేరున్న కంపెనీలు చేసే మంచి 18650 సెల్లు కూడా మూడున్నర వేలకు కాస్త అటూఇటూగా ఆగుతుంది. ఆ పరిమాణపు డబ్బాలో దాదాపు పదివేలు పట్టవు. పిల్లల్లో ఒకరి ఇంట్లో వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ ఉంటే తెమ్మని తూచి చూశాం. ఒకటి ముప్పై రెండు గ్రాములు, రెండోది ముప్పై నాలుగు. అబద్ధం చీటీ మీదే కాదు, లోపలా ఉందన్నమాట. పైగా రక్షణ సర్క్యూటు లేదు, ఒకదాని పైతొడుగు అంచున చిరిగి ఉంది.

రేడియోలు బాగుచేసే నా పాత శిష్యుడొకడికి ఫోను చేసి అడిగాను. "మాష్టారూ, ఆ చిరిగినదాన్ని ముందు వేరు పెట్టించండి" అన్నాడు. ఎందుకో అతను విడమరచి చెప్పాడు. ఈ సెల్లుకు డబ్బా అంతా రుణధ్రువమే. ధనధ్రువపు బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా రుణధ్రువమే. మధ్యలో ఉన్నది పల్చటి తొడుగూ చిన్న వలయమూను. లోహపు పిడిలో కత్తియుద్ధం చేస్తూ అదురుతున్నప్పుడు ఆ తొడుగు అరిగితే పిడి లోహమే రెండు ధ్రువాలను కలుపుతుంది. పదుల ఆంపియర్లు పారుతాయి. సెల్లు కాగి, విషవాయువులు కక్కి, మండవచ్చు. ఆ పిడిని బిగించి పట్టుకుని ఉండేది పన్నెండేళ్ల పిల్లవాడి అరచెయ్యి. ఆ మాట విన్నప్పుడు నాకు డ్రూరీలేన్ పావడా గుర్తుకు వచ్చింది.

రక్షణ సర్క్యూటు ఉన్న మంచి 18650, దానికి తగిన ఛార్జరు, లోహానికి తగలకుండా ప్లాస్టిక్ గూడు, ఇవన్నీ అమర్చగల పెద్దవారు చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. లిథియం మీద నాకు కక్ష లేదు. పిల్లల చేతికి మాత్రం నా తీర్పు వేరు. మూడు ఏఏ పరిమాణపు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు, ఒకటి వాటు తెల్ల ఎల్‌ఈడీ. సెల్లు ఒకటికి 1.2 వోల్టులు, కొత్తగా ఛార్జి చేసినప్పుడు కాస్త ఎక్కువ. పని చేస్తున్నప్పుడు మూడూ కలిపి 3.9 ఉందనుకుందాం. ఎల్‌ఈడీకి 3.2 కావాలి. మిగిలిన 0.7ను 2.2 ఓముల రెసిస్టరు భరిస్తే మూడు వందల మిల్లీ ఆంపియర్లకు కాస్త పైన పారుతుంది. రెసిస్టరు వేడెక్కకుండా ఒక వాటుది వేయాలి. ఎల్‌ఈడీని అల్యూమినియం బిళ్ల మీద అతికించాలి. రెండు వేల మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్లులతో ఇది ఐదారు గంటలు వెలుగుతుంది. నాటకం నలభై నిమిషాలు. మూడు సెల్లులూ కలిపి ఎనభై గ్రాములు. గ్రాఫ్లెక్స్ గొట్టంలో మూడు ఆల్కలైన్ డి సెల్లులు వేస్తే నాలుగు వందలు దాటుతుంది.

వెలుగు తక్కువగా ఉంటుందని రావణ పాత్రధారి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. దానికి ఉపాయం బ్యాటరీలో లేదు, గొట్టంలో ఉంది. పాలికార్బొనేటు గొట్టం తీసుకోమన్నాను. ఏక్రిలిక్ అయితే దెబ్బకు పగిలి ముక్కలు ఎగురుతాయి. లోపల పూలగుత్తులకు చుట్టే పారదర్శకపు కాగితాన్ని వదులుగా చుట్టి దూర్చితే వెలుగు దారి పొడవునా చెదిరి గొట్టమంతా తెల్లబడుతుంది. కొనలో చిన్న అద్దం ముక్కను లోపలి వైపు చూసేటట్టు అతికిస్తే చివరికి చేరిన వెలుగు వెనక్కి తిరుగుతుంది. ఎల్‌ఈడీ ముందు కటకం సన్నని ధారగా వెలుగును పంపేదై ఉండాలి.

నికెల్ సెల్లులు కూడా ధ్రువాలు కలిసిపోతే బోలెడంత కరెంటును కుమ్మరిస్తాయి. కాబట్టి ధనధ్రువం నుంచి బయలుదేరిన తీగలో, అన్నిటికంటే ముందు, ఒక ఆంపియరు ఫ్యూజు వేయించాను. స్విచ్చి పిడి పక్కన బొటనవేలి కింద ఉంటుంది, రావణుడు కిందికి చూడకుండా వెలిగించాలి గనుక. మా వీధి కొసన ఉన్న ఎలక్ట్రికల్ దుకాణంలో ఆ పరిమాణపు ఫ్యూజులు దొరుకుతున్నాయి, అభ్యాసాలప్పుడు ఎన్ని పోతాయో తెలియదు కనుక నాలుగు అదనంగా కొని ఉంచుకొమ్మన్నాను.